ఖాళీగ వదిలేస్తే డిస్క్ మాయమైతున్నది: లైనక్స్ పవర్ సేవింగ్‌కు విరుగుడేంది?

హన్మకొండ_స్టూడియో:
ఫొటో స్టూడియో సిస్టమ్. లైనక్స్, ఒక ఎన్‌వీఎంఈ (పీసీఐ లైన్ మీద నడిచే ఎస్ఎస్‌డీ), ఒక పాత సాటా హార్డ్‌డిస్క్. పని నడుస్తున్నంతసేపు ఏం కాదు. కొంచెంసేపు వదిలేసి వస్తే ఫైల్ సేవ్ కాదు, రీడ్ ఓన్లీ అంటది. రీస్టార్ట్ చేస్తే మంచిగనే లేస్తది. స్మార్ట్ (డిస్క్ ఆరోగ్యం చెప్పే) రిపోర్ట్‌ల తప్పేం లేదు. డిస్క్ మార్చాల్నా?

కాజీపేట_కెర్నల్:
అన్నా, అప్పుడే మార్చకుండ్రి. పని మీద ఉంటే పోనిది ఖాళీగ ఉంటే పోతున్నదంటే, నిద్రల నుంచి లేస్తలేదేమో అని ముందుగాల అనుమానించాలె. 2017ల వచ్చిన 4.11 కెర్నల్ నుంచి ఎన్‌వీఎంఈలకు ఏపీఎస్‌టీ అనే పవర్ సేవింగ్ ఆన్ అయి ఉంటది. పని లేకపోతే డిస్క్ తనంతట తనే తక్కువ కరెంటు స్థితికి దిగుతది. కొన్ని డిస్క్‌ల ఫర్మ్‌వేర్, కొన్ని బోర్డులు దీన్ని తట్టుకోవు.

లాగ్ పట్టుడే కష్టం, ఎందుకంటే రాసుకునే డిస్కే పోతది. ముందే ఒక టెర్మినల్ తెరిచి డీమెసేజ్‌ని (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) మైనస్ డబ్ల్యూతో నడిపి వదిలెయ్యుండ్రి. పోయినంక కమాండ్ కొడితే అది కూడా డిస్క్ మీదికెళ్లే రావాలె కాబట్టి లేవదు. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తియ్యుండ్రి. "కంట్రోలర్ ఈజ్ డౌన్" అని వచ్చి, పక్కన సీఎస్‌టీఎస్ (కంట్రోలర్ స్థితి చెప్పే రిజిస్టర్) విలువ అన్నీ ఎఫ్‌లే ఉంటే డిస్క్ పీసీఐ లైన్ మీద జవాబిస్తలేదన్నట్టు. జవాబు రాని రిజిస్టర్‌ని చదివితే అన్ని బిట్లూ ఒకట్లే వస్తయి.

గోదావరిఖని_అడ్మిన్:
ఏపీఎస్‌టీని పూర్తిగ ఆపనీకి దాని లేటెన్సీ పారామీటర్‌కు నేరుగా 0 పెట్టమంటరు చానామంది. దానికంటే ముందు డిస్క్ పవర్ స్థితుల (పీఎస్) పట్టిక చూడాలె. ఎన్‌వీఎంఈ టూల్‌తో ఐడీ కంట్రోల్ తీస్తే అడుగున పీఎస్ 0 నుంచి పీఎస్ 4 దాకా వరుసలుంటయి. ఒక్కో వరుసల "ఎక్స్‌లాట్" అంటే లేవడానికి పట్టే మైక్రోసెకన్లు. పీఎస్ 3కి 1500, పీఎస్ 4కి 6000 ఉన్నయనుకోండి. కెర్నల్ మామూలుగ 100000 దాకా ఒప్పుకుంటది కాబట్టి రెండింటికీ దారి ఇస్తది. గ్రబ్ (బూట్‌లోడర్) లైన్‌ల ఎన్‌వీఎంఈ కోర్ మాడ్యూల్ "డిఫాల్ట్ పీఎస్ మ్యాక్స్ లేటెన్సీ యూఎస్" పారామీటర్‌ని 5500 చేస్తే పీఎస్ 4 ఒక్కటే బంద్ అయితది, పీఎస్ 3 ఉంటది. మీ పట్టికల అంకెలు వేరైతే, ఆ రెండింటి నడుమ పడే విలువ పెట్టుండ్రి.

ఎండాకాలం మన దిక్కు 45 డిగ్రీల దాకా పోతది. ఏసీ లేని దుకాణంల డిస్క్ అసలే నిద్రపోకుంటే ఖాళీగ ఉన్నా వేడెక్కుతది. అందుకే 5500తోని కాకుంటేనే 0. గ్రబ్ అప్‌డేట్ చేసి రీబూట్ అయినంక ప్రాక్ కింది సీఎండీలైన్ ఫైల్‌ల ఆ మాట ఉన్నదా చూడుండ్రి. 0 పెట్టినోళ్లు గెట్ ఫీచర్ 0x0సీ తీస్తే ఏపీఎస్‌టీఈ "డిసేబుల్డ్" అని రావాలె.

కాజీపేట_కెర్నల్:
0 పెట్టినా పోతే అప్పుడు ఏఎస్‌పీఎం, అంటే పీసీఐఈ లింక్‌ని నిద్రపుచ్చే ఏర్పాటు చూడాలె. ఇక్కడ చానామంది బోల్తా పడుతరు. గ్రబ్ లైన్‌ల పీసీఐఈ ఏఎస్‌పీఎం "ఆఫ్" అంటే లింక్ నిద్ర బంద్ అని కాదు. కెర్నల్ దాన్ని ముట్టుకోదు, బయోస్ ఎట్ల పెట్టిందో అట్లనే ఉంటది. నిజంగ బంద్ కావాలంటే పాలసీని "పర్ఫార్మెన్స్" చెయ్యాలె. ఎల్ఎస్‌పీసీఐ డబుల్ వీ తీసి లింక్ కంట్రోల్ వరుసల "ఏఎస్‌పీఎం డిసేబుల్డ్" అని కనిపించేదాక నమ్మొద్దు.

కరీంనగర్_స్టోరేజ్:
సాటా డిస్క్‌ది వేరే దారి. డీమెసేజ్‌లో "ఫై రెడీ ఛేంజ్", "కామ్ వేక్" అనే మాటలు, వెంటనే "హార్డ్ రీసెట్టింగ్ లింక్" వస్తున్నాయా చూడండి. వస్తే లింక్ నిద్ర నుంచి లేవడంలో ఇబ్బంది ఉన్నట్టు, సిస్ ఫోల్డర్‌లో స్కజీ హోస్ట్ కింద లింక్ పవర్ మేనేజ్‌మెంట్ పాలసీని ఆ ఒక్క హోస్ట్‌కే "మ్యాక్స్ పర్ఫార్మెన్స్" చేయండి. రీబూట్‌కు పోతుంది కాబట్టి యూడెవ్ రూల్ (బూట్ అయినప్పుడల్లా తనంతట తనే నడిచేది) రాసుకోవాలి. టీఎల్‌పీ అనే పవర్ సేవింగ్ ప్రోగ్రామ్ ఉంటే మీ రూల్‌ని అది మళ్లీ మారుస్తుంది, మార్పు దాని కాన్ఫిగ్‌లోనే చేయండి. లాగ్‌లో ఏటీఏ1 అంటే సాధారణంగా హోస్ట్0. ఏటీఏ లెక్క 1 నుంచి, హోస్ట్ లెక్క 0 నుంచి మొదలవుతాయి, తప్పు పోర్టును మార్చి "పని చేయలేదు" అనుకోకండి.

లింక్ స్పీడ్ 6 నుంచి 3కి, అక్కడి నుంచి 1.5 గిగాబిట్లకు పడిపోతుంటే, స్మార్ట్‌లో 199వ నంబరు (డేటా కేబుల్ తప్పుల లెక్క) పెరుగుతుంటే మాత్రం పవర్ సేవింగ్ జోలికి వెళ్లకుండా ముందు కేబుల్ మార్చండి.

హన్మకొండ_స్టూడియో:
ఫొటోల అన్నీ ఎఫ్‌లే ఉన్నయి. పట్టికల పీఎస్ 4 ఎక్స్‌లాట్ 6000. 5500 పెట్టిన, చూస్తున్న. హార్డ్‌డిస్క్ నుంచి మాటిమాటికి టక్ టక్ సప్పుడు వస్తది, అది కూడా ఇదేనా?

గోదావరిఖని_అడ్మిన్:
స్మార్ట్‌ల 193, లోడ్ సైకిల్ కౌంట్ చూడుండ్రి. సప్పుడైనప్పుడల్లా పెరిగితే అది హెడ్ పార్కింగ్, అంటే చదివే హెడ్ పక్కకు పోయి ఆగుడు. 30 సెకన్లకోసారి అంటే రోజుకు 2880. 3 లక్షల సార్లకు తయారు చేసిన డిస్క్ అయితే వంద రోజులు దాటంగనే ఆ లెక్క అయిపోతది. హెచ్‌డీపార్మ్ మైనస్ పెద్ద బీ 254 పెట్టుండ్రి. 127 లోపు ఇస్తే మోటారు కూడా ఆగొచ్చు, 128 నుంచి 254 దాకా ఆగదు, 255 అంటే ఏపీఎం (డిస్క్ సొంత పవర్ సేవింగ్) మొత్తం బంద్. కరెంటు పోతే ఈ సెట్టింగ్ పోతది, ఉబుంటు, డెబియన్లల హెచ్‌డీపార్మ్ కాన్ఫ్ ఫైల్‌ల రాయాలె. 254కి వినకుంటే దాని ఫర్మ్‌వేర్‌ల సొంత టైమర్ ఉన్నట్టు, దానికి ఐడిల్3 టూల్ పనిచేసే మోడలేనా చూసుకోవాలె. అది మార్చినంక రీబూట్ సరిపోదు, ప్లగ్ తీసి పెట్టాలె.

కరీంనగర్_స్టోరేజ్:
193తో పాటు 192 (కరెంటు తెగినప్పుడు హెడ్ పక్కకు పోయిన లెక్క) కూడా చూడండి. అది పెరుగుతుంటే హెడ్ పార్క్ అవుతున్నది కెర్నల్ వల్ల కాదు, కరెంటు హఠాత్తుగా తెగడం వల్ల. డిస్క్ పవర్ కనెక్టర్ వదులుగా ఉందేమో చూడండి. ఇన్వర్టర్ వెనక స్విచ్ ఈకో మోడ్‌లో ఉంటే యూపీఎస్ మోడ్‌కు మార్చండి, మారే సమయం తగ్గుతుంది. ఈ మార్పులన్నీ ఒకేసారి చేయకండి, ఒకటి మార్చి రాత్రంతా ఖాళీగా వదిలి లాగ్ చూశాకే రెండోది.