అప్‌డేట్: మూడు పేర్లూ ఒకే ఓడవి

'డోఫాఁ రొయాల్', 'సాన్‌క్యులోట్', 'ఓరియాఁ' వేర్వేరు ఓడలా అని మొన్న అడిగాను కదా. కాదు, ఒక్కటే! 1791లో ఫ్రాన్స్‌లోని తూలోఁ రేవులో నీళ్లలోకి దిగిన 118 ఫిరంగుల యుద్ధ ఓడ. మొదటి పేరు 'డోఫాఁ రొయాల్', అంటే ఫ్రెంచి యువరాజు. విప్లవంతో రాజరికం పోయింది, ఆ యువరాజు పేరూ పోయి, విప్లవకారులైన సామాన్యుల పేరుతో 'సాన్‌క్యులోట్' అయింది. 1795లో 'ఓరియాఁ' అయింది. 1798లో నెపోలియన్ ఈజిప్టుకు వెళ్లింది దీని మీదే. ఆ ఏడాది ఆగస్టు 1 రాత్రి ఈజిప్టులోని అబూకీర్ తీరంలో బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ దళంతో పోరాడుతుండగా నిప్పంటుకుంది. మంటలు మందుగుండు గదికి చేరి ఓడ పేలిపోయింది. కెప్టెన్ కాసాబియాంకా, ఆయన చిన్న కొడుకు ఇద్దరూ చనిపోయారు. అది చదివాక చాలాసేపు మనసు బాగోలేదు.

వివరంగా చెప్పిన అందరికీ చాలా థాంక్స్. ఇంకో సంగతి కూడా తెలిసింది: ఈ ఓడ తెరచాప కొయ్యతో చేసిన శవపేటికలోనే 1806లో నెల్సన్‌ను ఖననం చేశారు.