పాలిటెక్నిక్ సీఎంఈ ప్రాజెక్టు: లైబ్రరీ అప్లికేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగిపోతుంది?

ఐదో_సెం_సీఎం
అందరికీ నమస్కారం. డిప్లొమా సీఎంఈ (కంప్యూటర్ ఇంజినీరింగ్)లో నలుగురం కలిసి కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికి ఒక అప్లికేషన్ చేయాలనుకుంటున్నాం. జావా భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మా ల్యాబ్ రికార్డులో ఉన్నంత మేరకు వచ్చు. ల్యాబ్‌లో అన్నీ 4 జీబీ ర్యామ్ మెషిన్లు. మా సార్ ఆండ్రాయిడ్ యాప్ చేయమంటున్నారు. ముందు స్క్రీన్లు గీసుకోవాలా, టేబుళ్లు వేసుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

ల్యాబ్_మాస్టారు
బాబూ, ముందు టేబుళ్లు. స్క్రీన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వంద రికార్డులు ఎక్కిన తర్వాత టేబుల్ మార్చాలంటే సగం కోడ్ తిరగరాయాలి.

ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇది: 'పుస్తకం' అని ఒకే టేబుల్ వేసి, అందులో 'కాపీలు' అని ఒక కాలమ్ పెడతారు. లైబ్రేరియన్ దగ్గరున్న యాక్సెషన్ రిజిస్టర్ ఒకసారి తెరిచి చూడండి. ఒకే టైటిల్ ఐదు కాపీలుంటే ఐదింటికీ వేర్వేరు యాక్సెషన్ నంబర్లు ఉంటాయి. పోయేది, చిరిగేది, విద్యార్థి తీసుకెళ్లేది కాపీ. టైటిల్ కాదు. కాబట్టి టైటిల్‌కి ఒక టేబుల్, కాపీకి ఒక టేబుల్, ఇచ్చిన లెక్కకి ఒకటి, సభ్యులకి ఒకటి. ఇచ్చిన లెక్క టేబుల్ కాపీని చూపించాలి. ఇది సరిగ్గా పడితే 'మూడో కాపీ ఎవరి దగ్గరుంది' అన్న ప్రశ్నకు ఒక్క క్వెరీతో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నతో) జవాబు వస్తుంది.

ఇక కాలమ్ రకాలు. విద్యార్థిగా మీకిచ్చిన పిన్ నంబరు 23001-సీఎం-045 లాగా ఉంటుంది కదా, అది నంబరు కాదు, అక్షరాలే. వార్‌క్యార్ (అక్షరాలు దాచే రకం) పెట్టండి. మొబైల్ నంబర్‌కి ఇంట్ (పూర్ణసంఖ్య రకం) పెడితే అసలు ఎక్కదు: ఇంట్‌లో పట్టే గరిష్ఠ విలువ 2147483647, పది అంకెల మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెల్లో ఒకదానితో మొదలవుతాయి. 'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తుంది. కొందరు అప్పుడు బిగ్‌ఇంట్‌కి (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకానికి) మారుస్తారు. అది ఎక్కుతుంది గానీ, ఎస్‌టీడీ కోడ్‌తో ల్యాండ్‌లైన్ రాస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. కూడికలు, తీసివేతలు చేయని దేన్నీ సంఖ్యగా దాచకండి.

తేదీని మాత్రం వార్‌క్యార్‌లో పెట్టొద్దు, డేట్ రకమే పెట్టండి. రోజు/నెల/సంవత్సరం అని అక్షరాలుగా దాస్తే, వరుసలో పేర్చమన్నప్పుడు 02/12/2024 ముందు వచ్చి 15/01/2024 వెనక్కి పోతుంది.

బ్యాకెండ్_అక్క
మాస్టారు చెప్పిన నాలుగు టేబుళ్లు ఉన్నాయనుకుని మిగతాది చెప్తాను.

జావా నుంచి కలిపేటప్పుడు మొదట ఎదురయ్యేది 'నో సూటబుల్ డ్రైవర్ ఫౌండ్'. కోడ్‌లో వెతక్కండి. నూటికి తొంభై సార్లు కనెక్టర్ జార్ (జావాని మైఎస్‌క్యూఎల్‌కి కలిపే ఫైల్) క్లాస్‌పాత్‌లో (జావా క్లాసులు వెతికే దారుల జాబితాలో) ఉండదు, లేదా కనెక్షన్ యూఆర్ఎల్‌లో అక్షరం తప్పు పడి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే క్లాస్‌పాత్‌లో చుక్క కూడా ఉండాలి, లేకపోతే మీ క్లాసే దొరకదు. విండోస్‌లో చుక్కకీ జార్ పేరుకీ మధ్య సెమీకోలన్, లినక్స్‌లో కోలన్. పాత నోట్సుల్లో ఉండే 'క్లాస్ డాట్ ఫర్‌నేమ్' లైన్ జావా 6 నుంచి మామూలు ప్రోగ్రామ్‌లో అక్కర్లేదు. ఉన్నా నష్టం లేదు.

క్వెరీని ప్లస్ గుర్తులతో అతికించి రాయడం మొదటి రోజే మానేయండి. డిసౌజా లాంటి పేర్లను ఇంగ్లిష్‌లో రాస్తే మధ్యలో సింగిల్ కోట్ వస్తుంది, క్వెరీ అక్కడే విరిగిపోతుంది. లాగిన్ పేజీలో అదే సింగిల్ కోట్‌తో పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వచ్చేయొచ్చు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడి, విలువల చోట ప్రశ్నార్థకాలు పెట్టి, ఒక్కొక్కటీ సెట్ చేయండి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు కౌంటర్లలో ఇద్దరు ఒకే కాపీని ఒకేసారి ఇచ్చేస్తే? చాలామంది ముందు సెలెక్ట్ చేసి 'ఖాళీగా ఉందా' అని చూసి, తర్వాత అప్‌డేట్ చేస్తారు. ఆ రెండింటి మధ్య సందులో రెండో కౌంటర్ దూరుతుంది. సందు లేకుండా చేయాలంటే అప్‌డేట్‌లోనే షరతు పెట్టాలి: 'ఈ యాక్సెషన్ నంబరు ఉండి, స్థితి ఖాళీ అయితేనే స్థితిని ఇచ్చాం అని మార్చు'. ఎగ్జిక్యూట్ అప్‌డేట్ ఎన్ని వరుసలు మారాయో తిరిగి చెప్తుంది. 1 వస్తే పుస్తకం మీదే, ఇచ్చిన లెక్కలో వరుస చేర్చండి. 0 వస్తే పక్క కౌంటర్ ముందే ఇచ్చేసింది.

ఈ రెండు పనులూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి, అంటే జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు. ఆటోకమిట్ ఆపండి, రెండూ అయ్యాక కమిట్ (ఖాయం చేయడం), ఏది తప్పినా రోల్‌బ్యాక్ (వెనక్కి తిప్పడం). మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను దాచే పద్ధతులు రెండున్నాయి, ఇన్నోడీబీ, మైఐశామ్ అని; మీ టేబుళ్లు ఇన్నోడీబీలో ఉన్నాయో లేదో చూసుకోండి. మైఐశామ్‌లో ఉంటే రోల్‌బ్యాక్ చేసినా ఏమీ వెనక్కి రాదు, ఎర్రర్ కూడా చూపించదు. వైవాలో ఈ ఒక్క భాగం బోర్డు మీద గీసి చెప్పగలిగితే చాలు, ఎక్స్‌టర్నల్‌కి (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కి) ప్రాజెక్టు మీరే చేశారని తెలిసిపోతుంది.

ఐదో_సెం_సీఎం
థాంక్స్ అక్కా, థాంక్యూ సార్. టేబుళ్లు మార్చాం. తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కిస్తే వరుసగా ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఫాంట్ సమస్యా?

అక్షరాల_పని
ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి తమ్ముడూ. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే దారిలో ఎక్కడో అక్షరం పోయింది. ముందు ఎక్కడ పోయిందో తేల్చుకో. టైటిల్ కాలమ్‌ని హెక్స్ ఫంక్షన్‌తో (లోపల దాచిన బైట్లను చూపించేది) సెలెక్ట్ చెయ్యి. తెలుగు అక్షరం ప్రతీదీ ఈ0బీ0తో గానీ ఈ0బీ1తో గానీ మొదలవుతుంది, మూడు బైట్లు. 3ఎఫ్, 3ఎఫ్ అని వరుసగా ఉంటే అది నిజంగానే ప్రశ్నార్థకం. ఆ డేటా పోయినట్టే, క్యారెక్టర్ సెట్ మార్చినా తిరిగి రాదు, మళ్లీ ఎక్కించాలి. హెక్స్ సరిగ్గా ఉండి స్క్రీన్ మీదే తప్పుంటే డేటాబేస్ జోలికి పోకు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెలుగు సరిగ్గా చూపించదు, దాన్ని నమ్మి కోడ్ మార్చొద్దు.

చూడాల్సిన చోట్లు: టేబుల్ యూటీఎఫ్8ఎంబీ4 అనే, తెలుగు పట్టే క్యారెక్టర్ సెట్‌లో ఉందా (మైఎస్‌క్యూఎల్ 8లో మామూలుగా అదే, 5.7లో లాటిన్1). జావా సోర్స్ ఫైల్లోనే తెలుగు రాస్తే, జావా 18 కంటే పాతదైతే కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి. లేకపోతే విండోస్ తన సొంత కోడ్ పేజీతో చదివి పాడుచేస్తుంది.

పొడవు విషయం కూడా. 'తెలుగు' కంటికి మూడు అక్షరాలు, జావాలో లెంగ్త్ అడిగితే 6, బైట్లలో 18. మైఎస్‌క్యూఎల్ వార్‌క్యార్ 6 లెక్కన కొలుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ ల్యాబ్‌లో ఒరాకిల్ ఉంటే జాగ్రత్త. అక్కడ వార్‌క్యార్2(20) అంటే మామూలుగా 20 బైట్లు. 'వెంకటేశ్వరరావు' 14 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ లెక్కలో అక్షరాలు), యూటీఎఫ్-8లో 42 బైట్లు. ఓఆర్ఏ-12899 అని తిప్పికొడుతుంది. 20 పక్కన క్యార్ అని రాస్తే సరిపోతుంది.

మొబైల్_పనివాడు
ఆండ్రాయిడ్ గురించి. 4 జీబీ మెషిన్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ రెండూ కలిపి నడవవు. కనీసం 8 జీబీ అడుగుతుంది, ఎమ్యులేటర్‌కి ఇంకా ఎక్కువ కావాలి. ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా 8 జీబీ ఉంటే ఎమ్యులేటర్ వదిలేసి ఫోన్ కలపండి: సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్. మొదటిసారి గ్రేడిల్ (యాప్‌ని తయారుచేసే సాధనం) సింక్‌కి చాలా డౌన్‌లోడ్ అవుతుంది, కాలేజీ నెట్ మీద ఆశ పెట్టుకోకుండా ఇంటి దగ్గరే చేసుకుని రండి.

ఆండ్రాయిడ్ కోడ్ నుంచి నేరుగా మైఎస్‌క్యూఎల్‌కి కలపొద్దు. యాప్ ఫైల్ విప్పితే పాస్‌వర్డ్ ఎవరికైనా దొరుకుతుంది. మధ్యలో సర్వ్‌లెట్ గానీ చిన్న ఏపీఐ గానీ (యాప్ అడిగింది డేటాబేస్ నుంచి తెచ్చిచ్చే సర్వర్ ప్రోగ్రామ్) ఉండాలి. అప్పుడు వచ్చే చిక్కులు: ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, మీ ల్యాప్‌టాప్ కాదు. రెండూ ఒకే వైఫైలో పెట్టి ల్యాప్‌టాప్ ఐపీ ఇవ్వాలి. ఎమ్యులేటర్ నుంచైతే 10.0.2.2. ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీని సిస్టమే ఆపేస్తుంది, డెమో కోసం మ్యానిఫెస్ట్‌లో క్లియర్‌టెక్స్ట్ అనుమతి ఇవ్వాలి. అయినా కలవకపోతే విండోస్ ఫైర్‌వాల్ చూడండి.

నా సలహా అడిగితే, ముందు వెబ్ పేజీగా పూర్తి చేయండి. ఫోన్ బ్రౌజర్‌లో అదే తెరుచుకుంటుంది. టైముంటే అప్పుడు యాప్.

పాత_బ్యాచ్_సీనియర్
మొదటి ఏడాది తమ్ముళ్లు కూడా చదువుతుంటారని ఒక మాట. కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ టర్బో సీ అనే పాత కంపైలర్ మీదే సీ నేర్పుతున్నారు. అందులో ఇంట్ 2 బైట్లు, 32767 దాకానే. 7 ఫ్యాక్టోరియల్ 5040 సరిగ్గా వస్తుంది, 8 ఫ్యాక్టోరియల్ 40320 రావాల్సింది -25216 వస్తుంది. అదే ప్రోగ్రామ్ జీసీసీలో (ఇప్పటి సీ కంపైలర్) 12 దాకా బాగుంటుంది, 13 దగ్గర తప్పుతుంది. లాజిక్ తప్పేమో అని లూప్‌ని పదిసార్లు మార్చేవాళ్లు ఎక్కువ. లాజిక్ సరైనదే, డబ్బా చాల్లేదు. టర్బో సీలో వాడే కోనియో, క్లియర్‌స్క్రీన్, గెట్సీహెచ్ లేకుండా జీసీసీలో రాయడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఒక లైన్ చదివే గెట్స్ ఫంక్షన్‌ని సీ11లో భాష నుంచే తీసేశారు.

డెమో_రోజు
ప్రాజెక్టు మీ ల్యాప్‌టాప్‌లో నడవడం వేరు, ల్యాబ్ మెషిన్‌లో నడవడం వేరు. డెమోకి వారం ముందే ఒక కొత్త మెషిన్ మీద మొదట్నుంచి ఎక్కించి చూడండి. ఇవి కచ్చితంగా తగులుతాయి:

మైఎస్‌క్యూఎల్ 8లో తీసిన డంప్‌ని (డేటాబేస్ నకలు ఫైల్‌ని) ఎక్స్‌ఏఎంపీపీలో (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి వచ్చే ప్యాకేజీ) ఎక్కిస్తే ఎర్రర్ 1273, 'అన్‌నోన్ కొలేషన్' వస్తుంది. కొలేషన్ అంటే అక్షరాలను పోల్చే, వరుసపెట్టే నియమం. ఎక్స్‌ఏఎంపీపీలో ఉండేది మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన మారియాడీబీ, అందుకే ఆ ఎర్రర్. డంప్ ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిచి 0900 ఉన్న కొలేషన్ పేరు అన్నిచోట్లా యూటీఎఫ్8ఎంబీ4 జనరల్ సీఐగా మార్చి మళ్లీ ఎక్కించండి. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి, లేకపోతే తెలుగు మళ్లీ పోతుంది.

ఎక్స్‌ఏఎంపీపీ, విడిగా వేసిన మైఎస్‌క్యూఎల్ రెండూ ఉంటే 3306 పోర్టు కోసం కొట్టుకుంటాయి. రెండోది లేవదు, లేదా మీరు ఒకదాంట్లో టేబుళ్లు వేసి ఇంకోదాంట్లో వెతుకుతుంటారు. విండోస్ సర్వీసెస్‌లో ఒకదాన్ని ఆపండి.

ఫొటోల దారి సీ డ్రైవ్ యూజర్ ఫోల్డర్‌తో సహా కోడ్‌లో రాసి ఉంటే పక్క మెషిన్‌లో ఒక్కటీ కనిపించదు. పాస్‌వర్డ్, దారులు అన్నీ ఒక ప్రాపర్టీస్ ఫైల్లో పెట్టి, ఆ ఫైల్‌ని గిట్ ఇగ్నోర్‌లో (కోడ్ చరిత్ర దాచే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చండి. ఒకసారి గిట్‌హబ్‌కి వెళ్లిన పాస్‌వర్డ్‌ని తర్వాత తీసేసినా పాత కమిట్లలో ఉంటుంది. దాన్ని మార్చడమే దారి.

బ్యాకెండ్_అక్క
ఇండస్ట్రియల్ ట్రైనింగ్ (డిప్లొమాలో భాగంగా కంపెనీలో ఆరు నెలల పని శిక్షణ) గురించి కూడా ఇక్కడే చెప్తాను, అడిగేవాళ్లు ఎక్కువ. ఆరు నెలలూ రాకపోయినా సర్టిఫికెట్ ఇస్తామని డబ్బులు తీసుకునే సెంటర్ల వైపు వెళ్లకండి. డిప్లొమా మొత్తంలో పక్కన సీనియర్ కూర్చుని మీ కోడ్ చదివే అవకాశం ఆ ఆరు నెలలే. చేరేముందు మూడు అడగండి: మా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు, గిట్ వాడతారా, నడుస్తున్న అప్లికేషన్‌లో బగ్ సరిచేసే పని ఇస్తారా. కొత్త ప్రాజెక్టు కంటే పాత కోడ్‌లో బగ్ పట్టుకోవడంలోనే ఎక్కువ వస్తుంది.

డిప్లొమా అయ్యాక ఈసెట్ (డిప్లొమావాళ్లు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లు రాస్తారు (200 మార్కుల్లో 100 బ్రాంచ్ సబ్జెక్టులవే). పనిలోకి వెళ్లాలనుకునేవాళ్లు నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకుంటే ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డు కిందికి వస్తాయి.

ఐదో_సెం_సీఎం
చివరిగా ఒకటి. ఆలస్య రుసుము కొందరికి సరిగ్గా వస్తోంది, కొందరికి మైనస్‌లో వస్తోంది. గడువు తర్వాత ఎన్ని రోజులయ్యాయో మిల్లీసెకన్లతో లెక్కిస్తున్నాం.

ల్యాబ్_మాస్టారు
మైనస్ వచ్చినవాళ్లందరూ 24 రోజులు దాటినవాళ్లేనా, చూడు. 24 రోజుల మిల్లీసెకన్లు 2073600000, ఇంట్‌లో పడుతుంది. 25 రోజులైతే 2160000000, పట్టదు. పాత_బ్యాచ్_సీనియర్ చెప్పిన ఫ్యాక్టోరియల్ కథే ఇది. లాంగ్‌కి మార్చినా పని జరుగుతుంది గానీ, ఆ పద్ధతే వదిలెయ్. రెండు తేదీలనూ జావాలోని లోకల్‌డేట్‌గా తీసుకుని, మధ్య రోజులు లెక్కించే క్రోనోయూనిట్ డేస్ బిట్వీన్ అడుగు. రుసుమును రోజూ పెంచుతూ టేబుల్లో రాయకు, పుస్తకం తిరిగొచ్చిన రోజున లెక్కించి ఒక్కసారే రాయి. రోజుకి ఎంత అన్న రేటును కోడ్‌లో కాకుండా, ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందో కూడా ఉండేలా చిన్న టేబుల్లో పెట్టు. రేటు మధ్యలో మారితే పాత బాకీల సంగతి ఏంటని లైబ్రేరియన్‌ని ముందే అడిగి రాసుకో.