యార్క్‌షైర్‌లో ఉచితంగా ఇస్తామంటున్న పాత పైప్ ఆర్గన్‌ని మా గుడికి తెచ్చుకోవచ్చా?

పాతగంట
అందరికీ వందనాలు. మాది కోస్తాలో ఒక పాత సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మిషనరీల కాలం నాటి రాతి గుడి, ఎత్తయిన కప్పు, పడమటి వైపు చెక్క గ్యాలరీ ఖాళీగా ఉంది. అక్కడ ఆర్గన్ పెట్టాలని మా పెద్దవాళ్లు ఎప్పటినుంచో అనుకుంటూనే ఉన్నారు. మా సంఘస్తుల అమ్మాయి ఒకామె ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లో ఉంటోంది. వాళ్ల పక్క ఊళ్లో మెథడిస్ట్ చాపెల్ మూసేసి బిల్డింగ్ అమ్మేస్తున్నారట, ఆర్గన్‌ని ఎవరైనా విప్పి పట్టుకెళ్తామంటే డబ్బు అక్కర్లేదంటున్నారట. రెండు మాన్యువల్స్ (చేతులతో వాయించే కీల వరసలు), పెడల్ (కాళ్లతో వాయించేది), 11 స్టాపులు (ఒక్కో రకం ధ్వనికి ఒక్కో పైపుల వరస), ట్రాకర్ యాక్షన్. మా దగ్గర 15 లక్షలు పోగయ్యాయి. సరిపోతాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెన్నైన్స్_నుంచి
వందనాలు అన్నా. నేను హడర్స్‌ఫీల్డ్ దగ్గరే ఉంటాను. ఇక్కడ ఆర్గన్లు ట్యూన్ చేసే ఒక పెద్దాయన వెంట శనివారాలు వెళ్తుంటాను. ఆయన లోపల పైపుల మధ్య నిలబడితే బయట కూర్చుని ఒక్కో కీ నొక్కి పట్టుకోవడం నా పని. అందుకని లోపల ఏముంటుందో కొంత తెలుసు.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ చాపెళ్లు వరసగా మూతపడుతున్నాయి, ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాళ్లు దొరక్క మంచి మంచి ఆర్గన్లు తుక్కు కింద పోతున్నాయి. కాబట్టి ఆర్గన్‌కి ధర లేదు, ఖర్చంతా దాన్ని కదిలించడంలోనే ఉంది. విప్పడం, పైపుల్ని ఒక్కోటీ చుట్టి పెట్టెల్లో సర్దడం, ఓడ, కస్టమ్స్, మళ్లీ నిలబెట్టడం, ఆ గుడికి తగ్గట్టు స్వరం సరిచేయడం. మీ 15 లక్షలు ఇప్పటి రేటుకి 13 వేల పౌండ్ల లోపే. తెలిసిన బిల్డర్ చేత విప్పించి ప్యాక్ చేయిస్తేనే అందులో మంచి భాగం అయిపోతుంది.

ట్రాకర్ అన్నారు, అది మాత్రం నిజంగా మంచి మాట. కీ నొక్కితే సన్నటి చెక్క బద్దలు ఒకదాన్నొకటి లాగి పైపు కింద ఉన్న చిన్న తలుపు తెరుస్తాయి, అంతే. కాస్త తెలివైన వడ్రంగి చూసి అర్థం చేసుకోగలడు. అదే ట్యూబ్యులర్ న్యూమాటిక్, అంటే కీ కదలికను గొట్టాల్లో గాలితో పంపే రకం, అయితే లోపల వందల కొద్దీ చిన్న చిన్న తోలు బెలోస్ (గాలి తిత్తులు) ఉంటాయి. అలాంటిది ఎవరైనా ఎదురు డబ్బిచ్చి తీసుకోమన్నా వద్దనే చెబుతాను.

పెడల్‌కి ఉండే బూర్డన్, అంటే లోతైన స్వరాల పైపుల వరస, 16 అడుగులని భయపడకండి. అది పైన మూసిన పైపు, అసలు పొడుగు 8 అడుగుల దగ్గరే ఉంటుంది. 20 అడుగుల కంటెయినర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, పడుకోబెడితే హాయిగా పడుతుంది.

సౌండ్‌డెస్క్
ఇంత తలనొప్పి ఎందుకండీ. సెకండ్ హ్యాండ్‌లో విస్కౌంటో యొహానసో డిజిటల్ ఆర్గన్ కొనుక్కుంటే రేపు ఆదివారానికి వాయించుకోవచ్చు. లేదా కంప్యూటర్‌కి కలిపే మంచి మిడి కీబోర్డు, పెడల్ బోర్డు పెట్టి హాప్ట్‌వెర్క్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అసలైన ఆర్గన్ల ఒక్కో పైపు విడివిడిగా రికార్డు చేసిన శబ్దం అది. సంఘంలో ఎవరూ తేడా కనిపెట్టలేరు.

పెన్నైన్స్_నుంచి
తేడా తెలుస్తుంది బ్రదర్. స్పీకర్ ఒక మూల నుంచి అరుస్తుంది, పైపు గదిలో గాలినే కదిలిస్తుంది. వంద మంది పాడుతుంటే ఆ గాలి వాళ్ల గొంతు కింద నిలబడి పైకెత్తుతుంది. ఇంకోటి, డిజిటల్‌లో బోర్డు పోతే పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత స్పేర్ ఎక్కడ దొరుకుతుంది? 1883లో హడర్స్‌ఫీల్డ్ కొనాకర్ కంపెనీ చేసిన ఆర్గన్ చెన్నై సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌లో ఉంది. మా పక్క ఊళ్లో తయారైన వస్తువు మన ఎండల్లో నిలబడింది.

కస్టమ్స్_క్లియర్
కీలు దేనితో చేశారు? అది చెప్పకుండా మిగతా చర్చ అంతా వేస్ట్. విక్టోరియా కాలం ఆర్గన్లకు చాలావాటికి తెల్ల కీల మీద ఏనుగు దంతం పలకలుంటాయి. బ్రిటన్‌లో 2018 ఐవరీ చట్టంలో వాయిద్యాలకు మినహాయింపు ఉంది, 1975కి ముందు చేసినవై దంతం 20 శాతం లోపు ఉండాలి. మన పోర్టులో ఆ మినహాయింపు ఎవరూ వినరు. మనకు 1972 వన్యప్రాణి చట్టం, పైన వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైటీస్. కీల ఫోటో పెట్టండి.

కాలిహార్మోనియం
వందనాలు. మొదటి పోస్టు నుంచి చదివాను. ఆర్గన్ ఎలా తేవాలో అందరూ చెబుతున్నారు, ఆరాధనలో దాంతో ఏం పాడతారో ఒక్కరూ అడగలేదు. మన కీర్తనల పుస్తకం తెరవండి, ప్రతి కీర్తన పైనా రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టిన మనిషి, ఆయన కీర్తనలు మన అవ్వలు పొలంలో కూడా పాడుకున్నారు. ఆ గమకాలు ఆర్గన్ మీద ఎలా పలుకుతాయి?

రెండోది, శ్రుతి. పైపులో పలికేది గాలి. వేడెక్కితే గాలిలో శబ్దం వేగం పెరిగి పైపు శ్రుతి పైకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర ట్యూన్ చేసింది మా మే నెల 35 డిగ్రీల్లో దాదాపు పావు స్వరం వరకు, అంటే సాకీ చిన్న రికీ మధ్యకు జరుగుతుంది. హార్మోనియం రీడ్లు, కీబోర్డు అక్కడే ఉంటాయి. రెండూ కలిపి ఎలా వాయిస్తారు?

పెన్నైన్స్_నుంచి
మంచి ప్రశ్న అన్నా. ఎవరూ 20 డిగ్రీలకు ట్యూన్ చేయరు, మీ గుడిలో సగటున ఎంత ఉంటుందో ఆ వేడికే, అంటే 30కి చేస్తారు. అప్పుడు తేడా తగ్గుతుంది. పైగా పాత ఇంగ్లిష్ ఆర్గన్లు కొన్ని ఇప్పటి శ్రుతి కన్నా ఎక్కువలో ఉంటాయి, అది ముందే కొలిపించుకోవాలి.

కాలిహార్మోనియం
30కి చేస్తే క్రిస్మస్ రాత్రి 20 డిగ్రీల్లో కిందికి పోతుంది. సంవత్సరంలో గుడి నిండేది ఆ రోజే కదా.

పెన్నైన్స్_నుంచి
గుడి నిండా మనుషులుంటే లోపల 20 ఉండదు. పైగా పైపులు దాదాపు అన్నీ కలిసే జరుగుతాయి కాబట్టి ఆర్గన్ తనలో తాను శ్రుతిలోనే ఉంటుంది, గొంతులు దాన్ని అనుసరిస్తాయి. హార్మోనియం ఆ రోజుకి పక్కన పెట్టాలి.

కాలిహార్మోనియం
అదిగో. "హార్మోనియం పక్కన పెట్టాలి." ఈ మాట ఎప్పుడొస్తుందా అనే చూస్తున్నాను.

కస్టమ్స్_క్లియర్
కీల ఫోటో.

గుంటూరు_క్వయర్
మా మేనమామ సివిల్ ఇంజనీరు, అడిగాను. 11 స్టాపుల ఆర్గన్ అంటే రెండు మూడు టన్నులైనా ఉంటుంది. మిషనరీల నాటి చెక్క గ్యాలరీ అంత బరువు ఆపుతుందని చూడకుండా ఎవరూ చెప్పలేరన్నాడు. నేల మీద పెట్టుకునే చిన్న సింగిల్ మాన్యువల్ ఆర్గన్, నాలుగైదు స్టాపులది, వెతకండి అన్నా. అవీ ఊరికే ఇచ్చేస్తున్నారు. ఖర్చు సగం కూడా కాదు.

పాతగంట
అందరికీ థాంక్స్. గ్యాలరీని ఇంజనీరుకి చూపిస్తాం. చెద గురించి, తేమ గురించి కూడా చెప్పండి. ఇంకో విషయం, ఆర్గన్ ముందుగా ఉదయం 7 గంటల ఇంగ్లిష్ సర్వీసుకి వాడదామని అనుకుంటున్నాం, క్వయర్ స్థాయి పెరుగుతుంది. తెలుగు ఆరాధన సంగతి తర్వాత చూస్తాం.

పెన్నైన్స్_నుంచి
చెదకన్నా జిగురు గురించి ముందు ఆలోచించాలి. అప్పట్లో జంతు చర్మంతో చేసిన జిగురు వాడేవారు, మన తేమలో అది మెత్తబడి జాయింట్లు విడిపోతాయి. అందుకే వేడి దేశాలకు పంపేవాటిలో మంచి బిల్డర్లు జిగురుతో పాటు స్క్రూలు బిగించేవారు. మీది యార్క్‌షైర్ చాపెల్ కోసం చేసింది, ఆ జాగ్రత్త తీసుకుని ఉండరు. తిరిగి నిలబెట్టేటప్పుడే ప్రతి జాయింటుకీ స్క్రూ వేయించండి. ప్యాకింగ్ చెక్క పెట్టెలకు హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర ఉండాలి, లేకపోతే పోర్టులోనే ఆపేస్తారు. పైపులకు గాలి ఊదే బ్లోవర్ మోటారు బ్రిటన్‌ది కాబట్టి మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కి సరిపోతుంది. అమెరికా నుంచి తెచ్చినవాళ్లకు అక్కడే చిక్కొస్తుంది. పక్కన చేత్తో గాలి కొట్టే పాత కర్ర ఇంకా ఉందేమో అడగండి, ఉంటే తీసేయొద్దనండి, కరెంటు పోయినా ఆరాధన ఆగదు.

కాలిహార్మోనియం
పాతగంట గారూ, "స్థాయి" అన్నారు కదా. ఏ స్థాయి? ఎవరి స్థాయి?

మా నాన్న మా ఊరి గుడిలో ఏళ్ల తరబడి కాలితో తొక్కే హార్మోనియం వాయించారు. జీతం లేదు. పల్లె నుంచి నడిచొచ్చి ముందు తుడిచి, తర్వాత మూత తీసేవారు. ఒకరోజు కమిటీ వాళ్లు కీబోర్డు తెచ్చారు, స్థాయి పెంచడానికే. హార్మోనియాన్ని వెస్ట్రీ (పాస్టరు గది) వెనక పడేశారు, నాన్నకు ఒక్కమాట చెప్పలేదు. ఆ ఆదివారం ఆయన మామూలుగానే వెళ్లి, తన స్టూలు మీద ఇంకొకరు కూర్చుని ఉంటే వెనక బెంచీలో కూర్చున్నారు. చెద పట్టాక బెలోస్ తోలు పొడి పొడిగా రాలింది, నేనే నా చేత్తో తీశాను. అందుకని చెద గురించి నాకు చెప్పకండి.

ఇంగ్లిష్ సర్వీసుకి వచ్చేది ఎంతమంది? తెలుగు ఆరాధనకి ఎంతమంది? మీ 15 లక్షల్లో పిడికెడు బియ్యం డబ్బు ఎంత ఉంది? అన్నం వండే ప్రతిసారీ పిడికెడు తీసి డబ్బాలో వేసి గుడికి తెచ్చే ఆడవాళ్లు 7 గంటల సర్వీసుకి రారు. వాళ్లు 9:30కి వస్తారు. వాళ్లకు "తర్వాత చూస్తాం."

సౌండ్‌డెస్క్
మీ నాన్నగారికి జరిగింది బాధాకరం. కానీ ఇది ఆర్గన్ గురించిన చర్చ కదండీ.

కాలిహార్మోనియం
ఆర్గన్ గురించే మాట్లాడుతున్నాను.

పాతగంట
నాకు కోపం వచ్చింది, దాచను. మా అమ్మ కూడా పిడికెడు బియ్యం వేసింది. మేమూ పల్లె నుంచి వచ్చినవాళ్లమే. మా తాతలు ఆ గుడికి రాళ్లు మోశారు. మెదక్ కేథడ్రల్ సంగతి మీకు తెలుసు, కరువు రోజుల్లో కూలి చేసి అన్నం తిన్న జనం దాన్ని కట్టారు, 1924లో ప్రతిష్ఠ అయింది. రాళ్లు మోయడానికి మనం పనికొచ్చాం. లోపల వాయించే వాయిద్యం మాత్రం దొరల బంగళా వస్తువు, చెయ్యి వేయొద్దన్నారు. ఈరోజు వాళ్ల చాపెలే మూతపడి ఆ వాయిద్యం ఊరికే ఇస్తామంటుంటే, "ఇది మనది కాదు, మనకు హార్మోనియం చాలు" అని మనకు మనమే చెప్పుకోవాలా? మా పల్లె పిల్ల ఒకతె చర్చి కీబోర్డు మీద బాఖ్ సంగీతం సాధన చేస్తోంది, తనంతట తానే నేర్చుకుంది. ఆ పిల్ల రెండు కాళ్లతో పెడల్ వాయించే రోజు చూడాలని నాకుంది. నేను స్థాయి అన్నది అది.

కాలిహార్మోనియం
అది మొదటి పోస్టులో రాయాల్సింది. ఇంగ్లిష్ సర్వీసుకి అని రాశారు.

ఆ పిల్ల వాయించాలి, నేను కాదనను. కానీ ఆ పిల్ల 9:30కి వాయించాలి, వాళ్ల అమ్మ కూర్చునే ఆరాధనలో. లేదంటే పల్లె పిల్ల ఒకతె పట్నం సర్వీసుకి వాయించేది అవుతుంది, మిగతాదంతా ఇప్పుడున్నట్టే ఉంటుంది.

పెన్నైన్స్_నుంచి
గమకం గురించి ఒక మాట. పైపు మీద గమకం రాదు, అది నిజం, వాదించను. కానీ కీర్తన పాడేటప్పుడు ఆర్గన్ రాగం వాయించాల్సిన అవసరం లేదు. బూర్డన్ ఒక్కటి లాగి సా, పా పట్టుకుంటే చాలు, దాని మీద హార్మోనియం, గొంతులు, తబలా నడుస్తాయి. నేను ఇక్కడ ఖాళీ చాపెల్లో ఒక సాయంత్రం ప్రయత్నించి చూశాను, నేల నుంచి శ్రుతి వస్తున్నట్టుంది. ట్యూనింగ్ పెద్దాయన పని ఆపేసి బయటికొచ్చి, అదేం పాట అని అడిగారు.

కాలిహార్మోనియం
అప్పుడు హార్మోనియం శ్రుతి దానికి కలవాలి. మళ్లీ మొదటికొచ్చాం.

పెన్నైన్స్_నుంచి
ఒక్క బూర్డన్ అయితే మూత జరిపి శ్రుతి సరిచేయొచ్చు. పైపు పైన తోలు చుట్టిన చెక్క బిరడా ఉంటుంది, కొంచెం పైకి లాగితే శ్రుతి దిగుతుంది, లోపలికి నొక్కితే పెరుగుతుంది. సా, పా రెండు పైపులే కాబట్టి ఆరాధనకు ముందు అయిదు నిమిషాల పని. హార్మోనియం వాయించేవాళ్లే చేసుకోవచ్చు.

గుంటూరు_క్వయర్
దీనికైతే సింగిల్ మాన్యువల్ సరిపోతుంది, బూర్డన్ ఉన్నది చూసుకుంటే చాలు. అదే నేను మొదటినుంచీ చెబుతున్నది.

పాతగంట
అయ్యగారితో మాట్లాడాను. వచ్చే పాస్టరేట్ కమిటీలో రెండు విషయాలు పెడుతున్నాం. ఒకటి, పిడికెడు బియ్యం డబ్బు విడిగా లెక్క తీసి, స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ల సమాజం) ఒప్పుకుంటేనే దాన్ని ముట్టుకోవడం. రెండు, ఏ ఆర్గన్ వచ్చినా మొదట వాడేది 9:30 ఆరాధనకే. చాపెల్ వాళ్లను ఇంకొంత గడువు అడిగాం, బిల్డింగ్ కొనేవాళ్లను బట్టి ఉంటుందన్నారు.

కాలిహార్మోనియం
లెక్క తీశాక ఇక్కడ రాయండి. అప్పటికీ నా ఓటు వద్దనే. ఆ డబ్బుతో ముందు పల్లెల్లో ఉన్న గుళ్లకు హార్మోనియం మాస్టర్లను పెట్టండి, జీతమిచ్చి. ఆర్గన్ వస్తే మాత్రం బూర్డన్ శ్రుతి సంగతి చూడ్డానికి నేను వస్తాను.

కస్టమ్స్_క్లియర్
కీల ఫోటో ఇంకా రాలేదు.

పాతగంట
ఇప్పుడే వచ్చింది. ఆ అమ్మాయి కీలను దగ్గరగా ఫోటో తీసి పంపింది. తెల్ల కీల మీద వెడల్పు భాగం, సన్న భాగం కలిసేచోట వెంట్రుకంత గీత ఉంది, పలకలో సన్నటి చారలు కనిపిస్తున్నాయి.

కస్టమ్స్_క్లియర్
అయితే ఐవరీయే. ప్లాస్టిక్ అయితే ఒకే ముక్క, గీత ఉండదు. ఓడ ఎక్కకముందే అక్కడే పలకలన్నీ ఊడదీయించి ప్లాస్టిక్ వేయించండి, చేసిన బిల్డర్ చేత కాగితం రాయించుకోండి. ఒక్క పలక మిగిలినా మొత్తం కంటెయినర్ ఆగుతుంది.

పెన్నైన్స్_నుంచి
వచ్చే శనివారం ఆ ఊరు మీదుగానే వెళ్తున్నాం. అమ్మాయి నంబరు నాకు మెసేజ్ చేయండి. విండ్‌చెస్ట్, అంటే పైపులు నిలబడే గాలి పెట్టె, పగిలిందో లేదో, చేత్తో గాలి కొట్టే కర్ర ఉందో లేదో చూసి వస్తాను.