టెక్సాస్ పల్లె కౌంటీలో ఇల్లు: పర్మిట్ అడగకపోయినా మనమే ఇన్‌స్పెక్షన్ చేయించుకోవాలా?

పత్తిచేను:
నమస్తే అందరికీ. డాలస్ నుంచి గంటన్నర దూరంలో, ఏ సిటీ పరిధిలోకీ రాని చోట పదెకరాలు దాటిన స్థలం కొన్నాం. ఇంటి ప్లాన్ పట్టుకుని కౌంటీ ఆఫీసుకి వెళ్తే, ఇంటికి ఇక్కడ పర్మిట్ అంటూ ఏమీ లేదు, సెప్టిక్ కాగితాలు, ఎమర్జెన్సీ వాళ్లు ఇల్లు కనుక్కోవడానికి ఇచ్చే 911 అడ్రసు, రోడ్డు మీదకి దారి వేసుకోవడానికి తూము పర్మిట్ చూసుకోండి చాలు అన్నారు. మా వారికి పట్టరాని సంతోషం. నాకేమో అప్పటి నుంచి టెన్షన్. ఇన్‌స్పెక్షన్ సంగతి ఎత్తితే బిల్డర్ "కౌంటీయే అడగనిది మీకెందుకు, ఆ డబ్బు కిచెన్‌కి పెట్టుకోండి" అంటున్నాడు. మీరైతే సొంత డబ్బుతో ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుంటారా?

గొర్రెలమంద:
అక్కా, మీ వారి సంతోషంలో న్యాయం ఉంది. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, రాష్ట్ర చట్టం చేతికిచ్చిన అధికారం తప్ప వాటికి సొంతంగా ఏదీ లేదు. చాలా చోట్ల ఎక్కడ ఏం కట్టాలో చెప్పే జోనింగూ లేదు, ఇంటి పర్మిటూ లేదు. మనం సిటీ వదిలి అంత దూరం వెళ్లేదే అందుకు. నేను సిటీలో ఉన్నప్పుడు పెరట్లో షెడ్డుకి కూడా పర్మిట్, దాని మీద హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం వాళ్ల అనుమతి వేరే. ఇన్‌స్పెక్టర్ వచ్చి పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి స్టిక్కర్ అంటించి వెళ్లేవాడు. రేపు గోడ పగిలితే ఆ స్టిక్కర్ ఇచ్చినవాళ్లు పైసా కడతారా? కట్టరు. మా తాత ఊళ్లో ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ మంచివాడా కాదా అని చూశాడు, అంతే, ఆ ఇంట్లో ఇప్పటికీ మా బాబాయి వాళ్లు ఉంటున్నారు. మంచి బిల్డర్‌ని పట్టుకోండి, మిగతాది వదిలేయండి.

నల్లరేగడి:
అన్నా, ఆ మేస్త్రీ మీ తాతగారి ఊళ్లోనే ఉంటాడు, పని చెడితే రచ్చబండ దగ్గర తలెత్తుకోలేడు. ఇక్కడి బిల్డర్‌కి ఆ భయం లేదు. టెక్సాస్‌లో ఎలక్ట్రీషియన్‌కి లైసెన్స్ కావాలి, ప్లంబర్‌కి కావాలి, జుట్టు కత్తిరించేవాడికీ కావాలి, ఇల్లు మొత్తం కట్టే జనరల్ కాంట్రాక్టర్‌కి మాత్రం రాష్ట్ర లైసెన్స్ అక్కర్లేదు. ఇళ్ల నిర్మాణం మీద 2003లో ఒక కమిషన్ పెట్టారు, 2010 కల్లా దాన్నీ ఎత్తేశారు. కాబట్టి బిల్డర్ మంచివాడని తెలియడానికి మనకున్న దారి అతని పాత కస్టమర్లతో మాట్లాడటం, అతని పనిని ఎవరైనా తెలిసినవాళ్లకి చూపించడం.

పర్మిట్ లేదంటే రూలు లేదని కూడా కాదు. 2009 నాటి చట్టం ఒకటుంది. కౌంటీ కమిషనర్స్ కోర్టు, అంటే కౌంటీని నడిపే పాలకమండలి, తీర్మానం చేస్తే, సిటీల బయట కట్టే కొత్త ఇళ్లకి రెసిడెన్షియల్ కోడ్, అంటే ఇళ్ల నిర్మాణ నియమావళి, వర్తిస్తుంది, బిల్డర్ కనీసం మూడు ఇన్‌స్పెక్షన్లు చేయించాలి. పునాది కాంక్రీట్ పోసే ముందు ఒకటి, గోడలకి షీట్‌రాక్ (జిప్సం పలకలు) కొట్టక ముందు ఫ్రేమింగ్, వైరింగ్, ప్లంబింగ్‌ చూడటానికి ఒకటి, అంతా అయ్యాక ఒకటి. ఇందులో కౌంటీ ముందస్తు అనుమతి అనేదే లేదు. అందుకే కౌంటర్ దగ్గర అడిగితే పర్మిట్ లేదనే చెప్తారు, అది అబద్ధమూ కాదు. పత్తిచేను గారూ, మీరు అడగాల్సింది "ఈ కౌంటీ ఆ తీర్మానం చేసిందా" అని. చేసి ఉంటే మీ బిల్డర్ ఇన్‌స్పెక్షన్ ఎందుకనడానికి వీల్లేదు.

ఇక నేల. డాలస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా ఉన్న బ్లాక్‌ల్యాండ్ మన రేగడి లాంటి నేలే. దాంట్లో హ్యూస్టన్ బ్లాక్ అనే మట్టిని ఈ రాష్ట్రపు మట్టిగా చెప్పుకుంటారు కూడా. ఆగస్టులో చెయ్యి దూరేంత బీటలు, వానలు పడితే ఉబ్బు. రేగడిలో ఇల్లు కడితే గోడలేమవుతాయో మన జిల్లాల వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. మా ఇంటికి కాంక్రీట్ పోసే ముందు రోజు నేను పిలిపించిన ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే, బీమ్ కందకాల్లో వాన నీళ్లు నిలిచి అడుగంతా మెత్తని బురద, చిన్న ప్లాస్టిక్ కుర్చీల మీద ఎత్తులో ఉండాల్సిన, స్లాబ్‌ని బిగించే ఉక్కు కేబుళ్లు కొన్ని జారి కింద పరిచిన ప్లాస్టిక్ షీటుకి ఆనుకుని ఉన్నాయి. ఫోటోలు పంపాక బిల్డర్ లారీలు ఆపి, నీళ్లు తోడించి, కేబుళ్లు ఎత్తించాడు. కాంక్రీట్ పడ్డాక అవి ఎవరికి కనిపిస్తాయి?

బ్యాంకు వాళ్లు చూస్తారులే అనుకోకండి. లోన్ విడత ఇచ్చే ముందు వచ్చే మనిషి పని ఎంతవరకు అయిందో చూస్తాడు, ఎలా అయిందో అతనికి పట్టదు.

బోరునీళ్లు:
పదెకరాలు దాటింది కదా, సెప్టిక్‌కి కూడా పర్మిట్ అక్కర్లేదని మీ బిల్డర్ అంటాడేమో, జాగ్రత్త. రాష్ట్ర రూల్లో ఆ మినహాయింపు ఉన్న మాట నిజం. స్థలం పదెకరాలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, ఒక కుటుంబం ఉండే ఇల్లయి ఉండాలి, సిస్టమ్‌లో ఏ భాగమూ సరిహద్దుకి 100 అడుగుల లోపు రాకూడదు, మురుగు నీరంతా మీ స్థలంలోనే ఇంకాలి, ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. కానీ ఈ మినహాయింపు ఇవ్వని కౌంటీలూ ఉన్నాయి. మీ ఆఫీసు సెప్టిక్ కాగితాలు అడిగిందంటే మీది అలాంటిదే కావచ్చు, మళ్లీ వెళ్లి అడగండి.

మినహాయింపు ఉన్నా నేనైతే సైట్ ఇవాల్యుయేషన్ చేయిస్తా. మురుగు ఇంకాల్సిన చోటికి రెండు చివర్లా గుంటలు తీసి, మట్టిని తడిపి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. పొడుగ్గా తెగకుండా సాగిందంటే బంకమట్టి, మామూలు డ్రెయిన్ ఫీల్డ్ అక్కడ పనిచేయదు, గాలి పంపి మురుగుని శుద్ధి చేసే ఏరోబిక్ లాంటి వేరే సిస్టమ్ చూసుకోవాల్సిందే. బోరు తవ్వుకుంటే ఆ నేలలోని నీళ్లే మీ పిల్లలు తాగేది.

గొర్రెలమంద:
రేగడి అన్నా, ఇన్‌స్పెక్షన్ చెడ్డదని నేననలేదు, దాన్ని అందరి నెత్తినా చట్టంగా రుద్దొద్దంటున్నా. మా పక్క స్థలం ఒక మెక్సికన్ కుటుంబానిది. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక గది, తర్వాత వరండా, తర్వాత ఇంకో గది. పర్మిట్ పెడితే ప్లాన్ గీయించాలి, ఫీజు కట్టాలి, గడువులోపు పూర్తి చేయాలి. వాళ్లు ఈపాటికి ఇంకా అద్దె ట్రైలర్‌లోనే ఉండేవాళ్లు. మనలాంటి ఐటీ జీతగాళ్లకి ఇన్‌స్పెక్టర్ ఫీజు లెక్కలోది కాదు, వాళ్లకి అది ఒక గది పైకప్పు. కావాలనుకున్నవాళ్లు చేయించుకుంటారు, బలవంతం ఎందుకు?

నల్లరేగడి:
ఆ కుటుంబం గురించి మీరన్నది కాదనలేను. కానీ రూలు లేకపోవడం వల్ల లాభపడింది పేదవాళ్లేనా అంటే, సరిహద్దు కౌంటీల్లో కొలోనియాలు చూడండి. నీళ్లు లేని, మురుగు కాలువ లేని ప్లాట్లని వాయిదాల మీద అమ్మి, అమ్మినవాళ్లు బాగుపడ్డారు, కొన్నవాళ్లు బకెట్లతో నీళ్లు మోశారు. దాని మీదే 1995లో రాష్ట్రం గట్టి చట్టం చేయాల్సి వచ్చింది. ఇంకో మాట, ఇల్లు మనం ఉన్నంతకాలమే మనది. రేపు కొనేవాళ్లకి ఆ స్లాబ్ కింద ఏముందో ఏం తెలుస్తుంది?

గ్వాడలూపే_ఒడ్డు:
కోడ్ మీద మీ ఇద్దరూ ఎంతైనా వాదించుకోండి, వరద సంగతి మాత్రం ఎవరిష్టానికీ వదలకూడదు. 2025 జూలై 4 తెల్లవారుజామున మా గ్వాడలూపే నది ముప్పావు గంటలో 26 అడుగులు లేచింది. ఆ రోజుల వరదల్లో రాష్ట్రంలో 130 మందికి పైగా పోయారు, వాళ్లలో వేసవి క్యాంపుకి వెళ్లిన చిన్నపిల్లలు ఎందరో. ఇంటికి పర్మిట్ లేదనే కౌంటీలో కూడా, అది ఫెడరల్ వరద బీమా పథకంలో ఉంటే, ఫెమా (ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ) మ్యాపులో వరద జోన్‌గా చూపిన చోట కట్టడానికి ఫ్లడ్‌ప్లెయిన్ పర్మిట్ తప్పనిసరి.

పత్తిచేను గారూ, మీ స్థలంలో వాగు గానీ, ఎండిన కాలువ గానీ ఉందా? పల్లె ప్రాంతాల్లో చాలా చిన్న వాగులకి వరద మట్టం లెక్కే కట్టలేదు, మ్యాపులో ఉత్త జోన్ ఏ అని రంగు పూసి వదిలేశారు, కొన్నిటికి అదీ లేదు. పక్క పొలాల్లో పాతకాపులుంటే వెళ్లి మాట్లాడండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు కంచె స్తంభం చూపించి చెప్తారు. ఇంటి నేల మట్టం దానికి బాగా పైన పెట్టించండి.

పత్తిచేను:
వెనక వైపు చిన్న కాలువ ఉందండీ, ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. మీరన్నాక మ్యాపు తీసి చూశాం, ఏ రంగూ లేదు. అయినా పక్కవాళ్లని అడుగుతాం. ఇన్‌స్పెక్షన్లకి మా వారు కూడా ఒప్పుకున్నారు, కానీ బిల్డర్‌తో గొడవ కాకుండా ఎలా చెప్పాలో తెలియట్లేదు. కాంట్రాక్ట్ ఇంకా సంతకం కాలేదు.

నల్లరేగడి:
సంతకం కాలేదు కాబట్టి మీ చేతిలోనే ఉంది. నాలుగు మాటలు రాయించండి. ఇన్‌స్పెక్టర్‌ని మీరే పెట్టుకుంటారని, రిపోర్ట్ వచ్చాకే కాంక్రీట్ లారీ బుక్ చేయాలని, షీట్‌రాక్ కూడా అంతేనని, బయటపడిన లోపం సరిచేసేదాకా తర్వాతి విడత డబ్బు ఇవ్వరని. ఇవన్నీ అతని పని మీద నమ్మకం లేక కాదు, ఇక్కడ చూసే కౌంటీ లేదు కాబట్టి అని మర్యాదగా చెప్పండి. సంతకం పెట్టే ముందు ఒక లాయర్‌కి చూపించండి. అతను ఆ లైన్లు కొట్టేయమంటే మాత్రం మీ వారు ఎంత తొందరపడినా సంతకం పెట్టొద్దండీ, ఇంకో బిల్డర్‌ని వెతకండి.