వ్యవసాయ సరఫరా గొలుసుల్లో పెట్టుబడి: విదేశీ డబ్బా, స్వదేశీ డబ్బా?

ప్రశ్న
అందరికీ నమస్కారం. వర్ధమాన దేశాల వ్యవసాయ సరఫరా గొలుసుల్లో పెట్టుబడుల మీద ఎం.ఏ. ప్రాజెక్టు రాస్తున్నాను. కోత తర్వాత చిల్లర దుకాణం చేరేలోపే ప్రపంచ ఆహారంలో దాదాపు 14 శాతం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2019 నివేదిక చెప్పింది. గిడ్డంగులకు, శీతలీకరణకు, ప్రాసెసింగ్‌కు డబ్బు కావాలన్నది స్పష్టమే. ఆ డబ్బు విదేశీ కంపెనీల నుంచి రావడం మేలా, దేశంలోని వ్యాపారులు, సహకార సంఘాలు పెట్టడం మేలా అన్న దగ్గర ఆగిపోయాను. ఉదాహరణలతో వివరించగలరా?

సమాధానం 1
డబ్బు ఎక్కడిదన్న దానికన్నా, పంట రైతు చెయ్యి దాటాక మొదట చేరే చోటు ఎవరి యాజమాన్యంలో ఉందో చూడండి. తేయాకునే తీసుకోండి. కోసిన పచ్చి ఆకు కొన్ని గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నాణ్యత పడిపోతుంది కనుక, చుట్టుపక్కల ఒక్క ఫ్యాక్టరీయే ఉంటే అది చెప్పిందే ధర. కెన్యాలో 1964లో ఏర్పడిన తేయాకు అభివృద్ధి సంస్థకు ఫ్యాక్టరీల కోసం ప్రపంచ బ్యాంకు, బ్రిటన్‌కు చెందిన కామన్‌వెల్త్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అప్పులిచ్చాయి. 2000లో ప్రైవేటీకరణ జరిగినప్పుడు యాజమాన్యం చిన్న రైతులే వాటాదారులుగా ఉన్న కంపెనీలకు దక్కింది. రైతు దగ్గరలోని కొనుగోలు కేంద్రంలో ఆకు తూకం వేయించుకుని నెలనెలా కొంత సొమ్ము తీసుకుంటాడు. టీ అమ్మకాల లెక్క తేలాక ఏడాదికోసారి బోనస్ అందుతుంది. నిర్వహణ మీద రైతులకు అసంతృప్తి లేకపోలేదు, 2020 టీ చట్టం ఆ నేపథ్యంలోనే వచ్చింది. అయినా విదేశీ డబ్బు అప్పుగా వచ్చి, ఆస్తి స్థానికుల చేతిలో మిగిలిన ఈ పద్ధతి మీ ప్రాజెక్టులో తప్పక ఉండాలి.

సమాధానం 2
పై సమాధానంతో ఏకీభవిస్తూనే, స్వదేశీ పెట్టుబడి అయినంత మాత్రాన నిలబడుతుందనుకోవద్దని చెబుతాను. మొజాంబిక్‌లో 1990ల మధ్యలో ప్రభుత్వ జీడిపప్పు ఫ్యాక్టరీలను స్థానిక వ్యాపారులు కొన్నారు. అదే సమయంలో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో ముడి గింజల ఎగుమతి సుంకాన్ని తగ్గించడంతో గింజలు ప్రాసెసింగ్ కోసం భారతదేశానికి తరలిపోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలాది కార్మికులు వీధిన పడ్డారు. సుంకం తగ్గితే రైతుకు మంచి ధర వస్తుందన్నారు గానీ, ఆ లాభంలో గణనీయమైన భాగం మధ్యలోని వ్యాపారుల దగ్గరే ఆగిపోయింది. ఫ్యాక్టరీ కొన్న వెంటనే విధానం మారిపోతే, ఆ కొన్నవాడు ఏ దేశస్థుడైనా ఒకటే.

సమాధానం 3
విదేశీ పెట్టుబడి పక్షాన ఒక మాట. ఇథియోపియా గులాబీలు విమానంలో నెదర్లాండ్స్ చేరేదాకా చల్లదనం ఎక్కడా తెగకూడదు. ఆ సాంకేతిక పరిజ్ఞానం, కొనుగోలుదారులతో పరిచయం 2000 తర్వాత అక్కడికి చాలా వరకు విదేశీ సాగుదారులతోనే వచ్చాయి. ప్రభుత్వం కౌలుకు భూమి, పన్ను రాయితీలు ఇచ్చింది. ఉపాధి బాగానే దొరికింది గానీ, అది ఎక్కువగా కూలి పనే, చిన్న రైతుకు ఆ గొలుసులో చోటు తక్కువ. అసలు భూమితోనే మొదలుపెడితే ఏమవుతుందో మడగాస్కర్ చూపింది: దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థకు 13 లక్షల హెక్టార్లు ఇచ్చే ప్రతిపాదన 2008లో బయటపడి జనాగ్రహానికి కారణమైంది, 2009లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. మరి స్థానిక ఫ్యాక్టరీలు యంత్రాలు కొనగలిగినా పోటీలో వెనకబడటానికి కారణం ఏమిటి?

సమాధానం 2
చాలాసార్లు యంత్రం కాదండి, సీజన్ అప్పు. జీడిగింజలు కొన్ని నెలలే వస్తాయి, ఫ్యాక్టరీ ఏడాదంతా నడవాలంటే ఆ కొద్ది నెలల్లోనే నిల్వ కొనిపెట్టుకోవాలి. స్థానిక యజమాని అధిక వడ్డీకి తెచ్చిన డబ్బుతో సగం నిల్వే కొనగలిగితే, మిగతా సగం కాలం షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఓడ లంగరు వేసుకుని ఎదురుచూసే ఎగుమతిదారు మాత్రం కల్లం దగ్గరే రొక్కం చెల్లిస్తాడు. రైతు ఆ రోజు ఎవరికి అమ్ముతాడో వేరే చెప్పనక్కర్లేదు. మీ ప్రాజెక్టులో స్థిర పెట్టుబడి లెక్కల పక్కన వడ్డీ రేట్లను, అప్పు అందే నెలను కూడా పెట్టి చూడండి.