మోకాలి అరుగుదలకు నడక మార్చుకోమనడం సబబేనా?

నడకప్రియ:
మా అమ్మకి 62. రెండు మోకాళ్లలోనూ లోపలి వైపు గుజ్జు అరిగిందన్నారు. ఏదో వీడియోలో పాదాలు లోపలికి తిప్పి నడిస్తే నొప్పి పోతుందన్నారట, నెల నుంచి అలాగే నడుస్తోంది. నొప్పి తగ్గలేదు సరికదా, ఇప్పుడు తుంటి కూడా పట్టేస్తోంది. ఇన్నేళ్ల నడకను మార్చమనడమే తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఫిజియో_శ్రీను:
మార్చడం తప్పు కాదండీ, కొలవకుండా మార్చడం తప్పు. నడిచేటప్పుడు మోకాలి మీద పడే బరువులో ఎక్కువ వంతు లోపలి వైపే మోస్తుంది. అక్కడ అరిగేకొద్దీ దొడ్డికాళ్లు పడతాయి, ఆ వంపు వల్ల అక్కడే ఇంకా బరువు పడుతుంది. పాదం కోణం కాస్త మారిస్తే ఈ భారం తగ్గొచ్చు. అయితే కొందరికి లోపలికి తిప్పితే తగ్గుతుంది, కొందరికి బయటికి తిప్పితే. 2025లో లాన్సెట్ రుమటాలజీలో వచ్చిన అమెరికా ట్రయల్ చూడండి. 68 మంది నడకను ల్యాబ్‌లో కొలిచారు. ఒక జట్టులో ఎవరికి ఎటు, 5 డిగ్రీలా 10 డిగ్రీలా అని చూసి, కాలికి కట్టిన పరికరం వైబ్రేషన్‌తో ఆ కోణం అలవాటు చేయించారు. రెండో జట్టుకు వాళ్ల మామూలు కోణంలోనే శిక్షణ ఇచ్చారు. ఏడాదికి మొదటి జట్టులో నొప్పి ఎక్కువ తగ్గింది, ఎమ్మారైలో గుజ్జు క్షీణత కూడా తక్కువగా కనిపించింది. ఎటు తిప్పినా భారం తగ్గనివాళ్లను అసలు చేర్చుకోలేదు. వీడియోలు చెప్పనిది ఇదే.

లెక్కలమనిషి:
ఆ ల్యాబ్ కొలిచేది మోకాలిని పక్కకు వంచే బలాన్ని, లోపల ఎముకల మధ్య పడే ఒత్తిడిని కాదు. సెన్సార్లున్న కృత్రిమ మోకాలు అమర్చిన ఒక రోగి మీద 2010లో చూస్తే, మొదటిది తగ్గినా రెండోది అంతే తగ్గాలని లేదని తేలింది. చెప్పుల్లో బయటి అంచు ఎత్తుగా పెట్టే సోల్స్ కూడా ఆ బలాన్ని తగ్గిస్తాయి. కానీ 2013లో ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, నొప్పి విషయంలో మామూలు సోల్స్ కంటే మెరుగు కాదని తేలింది. 68 మందిని చూసి ఊరందరి నడకా మార్చేస్తామంటే నేను ఒప్పుకోను.

ఫిజియో_శ్రీను:
ఊరందరికీ అని నేనూ అనలేదండీ. నడకప్రియ గారూ, ల్యాబ్ అందుబాటులో లేకపోతే అమ్మగారిని ఆ నడక మాన్పించండి. బరువు ఎక్కువుంటే కిలో తగ్గినా అడుగడుగునా మోకాలికి దాదాపు నాలుగు కిలోల భారం తప్పుతుంది. కర్ర వాడుతున్నారా? ఎక్కువ నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో ఉండాలి.

నడకప్రియ:
ఇప్పుడే అడిగాను. ఎక్కువ నొప్పి కుడి మోకాలిదే. కర్ర కూడా ఇన్నాళ్లూ కుడి చేత్తోనే పట్టుకుంటోంది.