డిసెంబర్ 6: మైకేల్ కాలిన్స్ ఆ సంతకం పెట్టి ఉండాల్సిందా?

పాతపేజీ:
ఐర్లండ్ చరిత్రలో డిసెంబర్ 6 రెండుసార్లు కనిపిస్తుంది. 1921లో ఆ రోజు తెల్లవారుజామున రెండు దాటాక లండన్‌లో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఐరిష్ నాయకుడు మైకేల్ కాలిన్స్ ఆ సంతకాలు పెట్టినవాళ్లలో ఒకడు. ఏడాది తిరిగి 1922లో అదే తేదీకి ఐరిష్ ఫ్రీ స్టేట్ (బ్రిటిష్ రాజు కిందే ఉండే స్వపరిపాలిత డొమినియన్) ఏర్పడింది. ఆ లోపే ఒప్పందం మీద చీలిపోయిన పాత సహచరులు ఒకరిమీద ఒకరు తుపాకులు ఎత్తారు. 1922 ఆగస్టు 22న కార్క్ ప్రాంతంలో మాటుగాసి కాల్చినప్పుడు కాలిన్స్ చనిపోయాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లే.

సంతకం పెట్టడమే సరైన పని అని నా అభిప్రాయం. 1921 జులై 11న కాల్పుల విరమణ మొదలయ్యాక, అప్పటిదాకా అజ్ఞాతంలో ఉన్నవాళ్లంతా బయటికొచ్చేశారు, వాళ్ల ముఖాలు అందరికీ తెలిసిపోయాయి. ఆయుధాలు చూస్తే అంతంతమాత్రం. మళ్లీ యుద్ధం మొదలైతే ఎన్నాళ్లు నిలబడగలరో కాలిన్స్‌కి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఇది అంతిమ స్వేచ్ఛ కాదు, దాన్ని సాధించుకునే స్వేచ్ఛ అని ఐరిష్ పార్లమెంటు డాయిల్‌లో ఆయనే చెప్పాడు. చివరికి జరిగింది కూడా అదే కదా. ఒప్పందం నాటి ఐరిష్ అధ్యక్షుడు, దాన్ని వ్యతిరేకించిన డి వలేరాయే మళ్లీ అధికారంలోకి వచ్చి, ఒప్పందం ప్రకారం పార్లమెంటు సభ్యులు రాజుకు చేయాల్సిన విధేయతా ప్రమాణాన్ని 1933లో తీసేశాడు. బ్రిటన్ చేతిలో ఉండిపోయిన నౌకాశ్రయాలను 1938లో వెనక్కి తెచ్చాడు. 1949లో రిపబ్లిక్ అయింది.

వరదగోదారి:
ఫలితం చూసి సంతకాన్ని సమర్థిస్తున్నారు, ఆ రాత్రి ఏం జరిగిందో కూడా చూడండి. డిసెంబర్ 5 సాయంత్రం బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ రెండు ఉత్తరాలు చేత్తో పట్టుకుని, ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం ఉన్న బెల్ఫాస్ట్‌కు వీటిలో ఏది పంపమంటారని అడిగాడు. ఒకటి ఒప్పందం కుదిరిందని, ఇంకొకటి చెడిందని. చెడితే మూడు రోజుల్లో యుద్ధమే. ఉత్తరం తీసుకెళ్లడానికి రైలూ ఓడా సిద్ధంగా ఉన్నాయన్నాడు. ఐరిష్ బృందానికి నాయకుడైన గ్రిఫిత్ మిగతావాళ్ల కోసం ఆగకుండా తను సంతకం పెడతానన్నాడు. వాళ్లు బసకు వెళ్లి గంటల తరబడి వాదించుకున్నారు. అందరికంటే గట్టిగా అడ్డం తిరిగింది బృందంలోని రాబర్ట్ బార్టన్. నువ్వు ఒప్పుకోకపోతే జరగబోయే యుద్ధానికి నువ్వే బాధ్యుడివని ఒత్తిడి తెచ్చాక ఆయనా దిగొచ్చాడు.

సంతకానికి ముందు పూర్తి పాఠాన్ని డబ్లిన్‌లోని తమ ప్రభుత్వానికి పంపాలని వాళ్లకిచ్చిన ఆదేశాల్లోనే ఉంది. గదిలో కూర్చుని అంతసేపు వాదించుకున్నవాళ్లు డబ్లిన్‌కు ఒక్క ఫోన్ చేయలేదు. నేను తప్పుపట్టేది షరతుల్ని కాదండీ, తమను పంపినవాళ్లను అడగకుండా దేశం మొత్తాన్ని కట్టిపడేయడాన్ని.

పాతపేజీ:
ఫోన్ చేసినా డి వలేరా దొరికేవాడు కాదు. ఆ రాత్రి ఆయన లిమరిక్‌లో ఉన్నాడు. అయినా లండన్‌కు ఆయనే ఎందుకు వెళ్లలేదు? జులైలో లాయిడ్ జార్జ్‌తో ముఖాముఖి మాట్లాడి వచ్చిన మనిషి, ఎదుటివాడి తీరు బాగా ఎరిగినవాడు. తను ఇంట్లో కూర్చుని, చర్చలు అలవాటులేని కాలిన్స్‌ను పంపాడు. కాలిన్స్ వెళ్లనని మొదట మొండికేశాడు కూడా. కాలిన్స్ తెచ్చినదాన్ని మాత్రం డి వలేరా తప్పుపట్టాడు!

చుక్కానిచెంత:
మీ ఇద్దరూ సంతకం దగ్గరే ఆగిపోయారు. అప్పుడు డాయిల్ కూడా అంతే. వారాల తరబడి జరిగిన చర్చలో ఎక్కువ భాగం ప్రమాణం గురించే, అప్పటికే విడదీసిన ఉత్తరాది గురించి చాలా తక్కువ. ప్రత్యామ్నాయంగా డి వలేరా తయారుచేసిన పత్రంలోనూ ఉత్తర ఐర్లండ్ షరతులు దాదాపు ఒప్పందంలో ఉన్నవే. అంటే విభజన మీద రెండు పక్షాలకూ పెద్ద తేడా లేదు.

ఒప్పందంలోని 12వ అధికరణం చదవండి. ఉత్తరాది ఫ్రీ స్టేట్‌లో ఉండనంటే సరిహద్దును ఒక కమిషన్ తేల్చాలి. ప్రజల కోరిక ప్రకారం సరిహద్దు నిర్ణయించాలట, కానీ ఆర్థిక, భౌగోళిక పరిస్థితులకు అనుగుణంగానే. కమిషన్‌కు ఎటు కావాలంటే అటు లాక్కునే వీలిచ్చే మాటలివి. ఉత్తరాదిలోని టైరోన్, ఫెర్మనా కౌంటీలు రెండింట్లోనూ కాథలిక్కులే ఎక్కువ. కమిషన్ వస్తుంది, మమ్మల్ని దక్షిణంలో కలుపుతుందని వాళ్లు ఎదురుచూశారు. ఉత్తరాది 1922 డిసెంబర్ 7న, ఫ్రీ స్టేట్ పుట్టిన మర్నాడే, బయటికి వెళ్లిపోయింది. 1925లో కమిషన్ పని ముగిసినా సరిహద్దు గీత అంగుళం కదలలేదు. ఆ జనం తరఫున ఎవరూ గట్టిగా మాట్లాడలేదే అన్నది నాకు ఇప్పటికీ బాధ.

రేపటివాన:
ఓటింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు. 1922 జనవరి 7న 64-57తో ఒప్పందం గట్టెక్కింది. డాయిల్‌లో ఉన్న ఆరుగురు స్త్రీలూ వ్యతిరేకంగానే ఓటేశారు. మేరీ మెక్‌స్వీనీ రెండున్నర గంటలకు పైగా మాట్లాడింది. ఆమె తమ్ముడు, కార్క్ మేయర్ టెరెన్స్, 74 రోజుల నిరాహార దీక్షలో 1920లో చనిపోయాడు. కాథ్లీన్ క్లార్క్ భర్తనీ తమ్ముడినీ, మార్గరెట్ పియర్స్ ఇద్దరు కొడుకుల్నీ 1916 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు కాల్చేశారు. దుఃఖంలో ఉన్న ఆడవాళ్లు కాబట్టి అలా ఓటేశారని కొట్టిపారేస్తుంటే ఒళ్లు మండుతుంది. వాళ్లు చెప్పిన రాజకీయ కారణాలు ఒక్కటి కూడా చదవకుండా అనే మాట అది.

వరదగోదారి:
డిసెంబర్ 8 కూడా చెప్పాలి. ఫ్రీ స్టేట్‌కు రెండు రోజుల వయసు. ముందురోజు షాన్ హేల్స్ అనే డాయిల్ సభ్యుడిని కాల్చి చంపారని, జైల్లో ఉన్న నలుగురు ఒప్పంద వ్యతిరేక ఖైదీలను విచారణ లేకుండా కాల్చేశారు. వారిలో రోరీ ఒకానర్ ఒకడు. ఆ నిర్ణయంలో పాలుపంచుకున్న మంత్రి కెవిన్ ఓహిగ్గిన్స్ పెళ్లిలో ఏడాది క్రితం తోడుపెళ్లికొడుకుగా నిలబడింది ఆ ఒకానరే. ఇంత ఖరీదు పెట్టి కొన్నది ఏమిటి?

పాతపేజీ:
ఆ నలుగురినీ చంపింది ప్రభుత్వం. దాన్ని నేనూ సమర్థించను. కానీ 1922 జూన్ ఎన్నికల్లో ఒప్పందాన్ని సమర్థించిన సిన్ ఫెయిన్ పార్టీ వర్గానికి 58 సీట్లు, వ్యతిరేకులకు 36. జనం మాట చెల్లాలా వద్దా? మన దగ్గరే చూడండి. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా భారతదేశం కూడా డొమినియనే, ఆరో జార్జే రాజు. నెహ్రూని ఎవరూ ద్రోహి అనలేదు కదా.

చుక్కానిచెంత:
ఆ పోలిక తెచ్చారు కాబట్టి పూర్తిగా చూడండి. భారత్, పాకిస్తాన్‌లను విడదీసిన రాడ్‌క్లిఫ్ గీత బయటపెట్టింది ఆగస్టు 17న, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకి. పంజాబ్, బెంగాల్‌లో ఎవరి ఊరు ఏ దేశంలో ఉందో తెలియకుండానే జనం జెండాలు ఎగరేశారు. అక్కడా ఇక్కడా సరిహద్దు సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని ముందు సంతకాలు పెట్టారు. పాతపేజీ గారూ, కాలిన్స్ సంతకాన్ని సమర్థించండి, అభ్యంతరం లేదు. 12వ అధికరణాన్ని కూడా సమర్థిస్తారా?